ఎదురింటి బార్బడోస్ ఆంటీ, మనం వేయని ఓటు

మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై దాటాయి. 1961లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, కరీబియన్ సముద్రం వైపున్న బార్బడోస్ దీవి నుంచి నర్సింగ్ నేర్చుకోవడానికి వచ్చారు. ఈ రెడింగ్ ఊళ్ళోనే ఉద్యోగం చేసి, పెళ్ళి చేసుకుని, నలుగురు పిల్లల్ని పెంచి, ఇక్కడే ఉండిపోయారు. ఈ దేశంలో కాపురం ఎలా పెట్టాలో మాకు నేర్పింది ఆవిడే. ఓటు సంగతి చెప్పిందీ ఆవిడే. ఆ రెండో పాఠం మన తెలుగువాళ్ళలో చాలామందికి ఇంకా అందలేదని 2024లో బాగా తెలిసొచ్చింది. ఈ వ్యాసం అందుకే.

నేను 2018 అక్టోబరులో కంపెనీ ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, ఆరు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్. రెడింగ్ దక్షిణాన విట్లీలో అద్దె ఇల్లు దొరికింది. ఆఫీసులో తోటి తెలుగువాళ్ళు "ఆ ఏరియా ఎందుకు తీసుకున్నావు, ఎర్లీలోనో వుడ్లీలోనో చూసుకోవాల్సింది" అన్నారు. అక్కడ మనవాళ్ళు ఎక్కువ. నాకు అద్దె కలిసొచ్చింది, ఇక్కడే దిగాను. మొదటి నెలలో మాకు తెలియని విషయాల జాబితా రాస్తే ఒక పుస్తకం అవుతుంది. చెత్తడబ్బా ఏ రోజు ఏ రంగుది బయట పెట్టాలి, జీపీ దగ్గర పేరెలా రాయించుకోవాలి, స్కూల్లో సీటు కౌన్సిల్ ఇస్తుందా స్కూలు ఇస్తుందా, కౌన్సిల్ టాక్స్ ఎందుకు. కౌన్సిల్ టాక్స్ విషయంలో నేను ఏకంగా ఇది మోసం కాల్ అనుకుని ఉత్తరం చింపేశాను.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం ఉదయం ఈవిడ తలుపు తట్టి, "ఈ వారం పచ్చ డబ్బా కాదు నాయనా, నల్లది" అన్నారు. పరిచయం అలా మొదలయింది.

మరుసటి వేసవిలో మా అమ్మ మదనపల్లె నుంచి ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆవిడకి తెలుగు రాదు. అయినా వారం తిరిగేసరికి ఒకరి వంటింట్లో ఒకరు ఉన్నారు. ఒకరోజు ఆవిడ మొక్కజొన్న పిండిని బెండకాయ ముక్కలు ఉడికిన నీళ్ళలో పోసి, చెక్క తెడ్డుతో గిరగిరా తిప్పుతుంటే మా అమ్మ చూసి, "ఒరే, ఇది సంకటే కదరా!" అంది. వాళ్ళు దాన్ని కూకూ అంటారు, చేపల పులుసుతో తింటారు. బార్బడోస్ జాతీయ వంటకం అదే. క్రిస్మస్‌కి ఆవిడ ఎర్రటి పానకం ఒకటి కాచి ఇచ్చారు, పేరు సారెల్. తీరా చూస్తే అది మన ఎర్ర గోంగూర కాయల మీద ఉండే కండతో చేసింది. మనం ఆకు తింటాం, వాళ్ళు కాయ తాగుతారు. ఆక్స్‌ఫర్డ్ రోడ్ మీద కరీబియన్ సరుకులు అమ్మే కొట్లో కాలలూ పేరుతో ఉండేది మన తోటకూర అని కూడా ఆవిడ పుణ్యాన తెలిసింది. అప్పటిదాకా మేము తోటకూర కోసం సౌతాల్ వెళ్ళేవాళ్ళం.

రెడింగ్‌లో బార్బడోస్ వాళ్ళు చాలామంది. ఆ దీవి బయట వాళ్ళు పెద్దసంఖ్యలో స్థిరపడ్డ ఊళ్ళలో ఇది ఒకటి. 1956 నుంచి లండన్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థ నేరుగా బార్బడోస్ వెళ్ళి బస్సులకీ రైళ్ళకీ మనుషుల్ని ఎంచుకొచ్చింది. ఆసుపత్రులకి నర్సులు కావాలి. అంటే ఆనాటి స్కిల్డ్ వర్కర్లు వాళ్ళే, తేడా ఏమిటంటే వాళ్ళకి వీసా లేదు. బార్బడోస్ అప్పటికి వలస దీవి, 1966 నవంబరు 30న గాని స్వతంత్రం రాలేదు. 1948 నాటి జాతీయత చట్టం ప్రకారం వాళ్ళు బ్రిటన్‌కి, దాని వలసలకి చెందిన పౌరులు. పౌరులే గాని, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు లేరు. నల్లవాళ్ళకి ఇవ్వము అని కిటికీలో అట్ట పెట్టేవాళ్ళు, అది చట్టవిరుద్ధం కాదు కూడా. ఇళ్ళకీ ఉద్యోగాలకీ వర్తించే వివక్ష నిషేధ చట్టం 1968లో గాని రాలేదు. బ్యాంకులు అప్పివ్వవు.

మరి ఇల్లు ఎలా కొన్నారని అడిగాను. "మీటింగ్ టర్న్" అన్నారు. పదిమంది చేరి వారం వారం తలా ఇంత వేసి, ఒక్కో వారం ఒక్కొక్కరు మొత్తం తీసుకోవడం. మన చీటీయే, పాట ఒక్కటి లేదు. జమైకా వాళ్ళు దాన్నే పార్డ్‌నర్ అంటారట, ట్రినిడాడ్ వాళ్ళు సూసూ అంటారట. ఆ చీటీ డబ్బు ముందు కట్టి 1967లో ఆవిడా, ఆవిడ భర్తా మా ఎదురిల్లు కొన్నారు. ఆయన బస్సు నడిపేవారు.

ఇక అసలు సంగతి. మా ఇంట్లో రెండో శీతాకాలం పాప పడుకునే గది గోడంతా నల్లగా బూజు పట్టింది. పాపకి దగ్గు తగ్గదు. ఏజెంటుకి ఈమెయిల్ మీద ఈమెయిల్ పెట్టాను. "కిటికీ తెరిచి ఉంచండి, లోపల బట్టలు ఆరవేయకండి" అని జవాబు. మూడు నెలలు అదే జవాబు. ఆవిడతో చెప్పుకుంటే, "మీ కౌన్సిలర్‌కి రాయలేదా?" అని అడిగారు. నేను మనలో చాలామంది చెప్పే సమాధానమే చెప్పాను: "మేము విదేశీయులం ఆంటీ, వీసా మీద ఉన్నాం. ఓటు లేనివాడి మాట కౌన్సిలర్ ఎందుకు వింటాడు?"

ఆవిడ నవ్వారు. కాస్త జాలిగా నవ్వారనే చెప్పాలి. "నువ్వు ఇండియా వాడివి కదా? కామన్‌వెల్త్. వచ్చిన రోజు నుంచీ నీకు ఓటుంది. మాస్టర్స్ చదివినవాడివి, తెలియదా?"

తెలియదు. నమ్మలేదు కూడా. ఆ రాత్రి కూర్చుని చదివాను. ఈ దేశంలో చట్టబద్ధంగా నివసించే, 18 ఏళ్ళు నిండిన కామన్‌వెల్త్ దేశస్థులెవరైనా ఓటరుగా నమోదు కావచ్చు. స్కిల్డ్ వర్కర్ వీసా అయినా, స్టూడెంట్ వీసా అయినా, డిపెండెంట్ అయినా ఒకటే. స్థానిక ఎన్నికలే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా. బ్రిటిష్ ప్రజ ఎవరైనా ఓటరే అన్న సామ్రాజ్యం నాటి సూత్రానికి ఇది మిగిలిన తోక. మా టీంలో ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న జర్మన్ సహోద్యోగికి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. మొన్న దిగిన నాకుంది! అమెరికాలో గ్రీన్ కార్డు కోసం ఏళ్ళూ పూళ్ళూ ఎదురుచూసి, అది వచ్చాక కూడా అధ్యక్ష ఎన్నికల్లో ఓటేయలేని మన మిత్రులకి ఇది చెబితే వాళ్ళూ నమ్మలేదు.

పేరు నమోదుకి నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, చిరునామా చాలు. ప్రభుత్వ వెబ్‌సైటులో అయిదు నిమిషాల పని. నమోదయ్యాక కౌన్సిలర్‌కి ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా ఆవిడ ఇంటికొచ్చి గోడ చూసుకుని వెళ్ళారు. తరువాత కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆ తరువాత ఏజెంటు ఈమెయిళ్ళ భాషే మారిపోయింది. ఓటు ఉంది కాబట్టే వచ్చారని నేను అనను, లేకున్నా వచ్చేవారేమో. కానీ నేను ఆ ఉత్తరం రాసింది మాత్రం ఓటుందని తెలిశాకే.

2024 సంగతికి వద్దాం. ఆ ఏడాది మే 13న ఆంధ్రలో ఎన్నికలు. మా ఊరి తెలుగువాళ్ళలో సెలవు పెట్టి, ఎండాకాలం రేట్లకి టికెట్లు కొనుక్కుని, ఊరెళ్ళి ఓటేసొచ్చినవారు ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవమే. వెళ్ళనివారు వాట్సాప్‌లో యుద్ధం చేశారు. నేనూ చేశాను. తరువాత ఎనిమిది వారాలు తిరక్కుండానే, జూలై 4న, ఇక్కడ పార్లమెంటు ఎన్నికలు. పోలింగ్ బూత్ ఇంటికి పది నిమిషాల నడక. అదే గ్రూపులో "ఎవరెవరు వేస్తున్నారు?" అని అడిగితే ఆరుగురు చెయ్యెత్తారు. నమోదుకి జూన్ 18 ఆఖరి తేదీ అని అంతకుముందు రెండుసార్లు పెట్టాను. దాని కింద ఎవరో మామిడిపళ్ళ పెట్టెల ఆర్డరు పెట్టారు, దానికి నలభై జవాబులు వచ్చాయి.

మా నియోజకవర్గం ఎర్లీ అండ్ వుడ్లీ ఆ ఎన్నికల్లోనే కొత్తగా ఏర్పడింది. లేబర్ అభ్యర్థి యువాన్ యాంగ్ గెలిచారు. చైనాలో పుట్టి ఈ పార్లమెంటుకి ఎన్నికైన వ్యక్తి ఆవిడ. మెజారిటీ 848 ఓట్లు. మీరే ఆలోచించండి. ఉగాది వేడుకకి వచ్చి పులిహోర తిన్నవాళ్ళంతా బూత్‌కి వెళ్ళి ఉంటే ఎవరు గెలిచినా మనల్ని లెక్కలో పెట్టుకునే గెలవాలి. మనం ఏం చేస్తాం? ఉగాదికి ఎంపీని పిలుస్తాం, శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం. ఆ ఎంపీ దగ్గర ఓటర్ల జాబితా ఉంటుందని, అందులో మన పేర్లు లేవని వాళ్ళకి తెలుసన్న సంగతి మనకి తట్టదు.

ఎందుకు నమోదు కావు అని ఒక్కొక్కరినీ అడిగాను. "ఇక్కడ ఓటేస్తే ఇండియన్ పౌరసత్వం పోతుందేమో." పోదు. మన చట్టం ప్రకారం కోరి మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే పోతుంది, ఓటేస్తే కాదు. "వీసా రెన్యూవల్‌కి ఇబ్బందేమో." నమోదు చేసుకోమని కౌన్సిలే ఇంటికి ఉత్తరం పంపుతుంది. అడిగాక కూడా చేసుకోకపోతే 80 పౌండ్ల జరిమానా వేసే అధికారం ఉంది. ఇల్లు కొనాలనుకునేవారికి ఇంకో మాట: ఓటర్ల జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకి మంచిది. ఈ ఒక్క ముక్క చెప్పాక ఇద్దరు వెంటనే నమోదయ్యారు, నా ఉపన్యాసాలన్నిటికంటే ఇది బాగా పనిచేసింది.

మూడో జవాబే నన్ను బాధపెట్టేది. "మనం అతిథులం. మనకెందుకు వాళ్ళ రాజకీయాలు?" ట్యాక్స్ కడుతున్నాం. దానిపైన 2024 ఫిబ్రవరిలో పెరిగిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి తలా ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి కడుతున్నాం. బిల్లు కట్టే అతిథిని నేనెక్కడా చూడలేదు.

పోనీ మనకంటే ముందు వెళ్ళినవాళ్ళు ఏమనుకున్నారో చూద్దాం. 1854 డిసెంబరులో ఒరేలీ అనే ఓడ మన మద్రాసు తీరం కూలీలను ఫ్రెంచివారి గ్వాడెలూప్ దీవిలో దించింది. 1848లో బానిసత్వం రద్దయింది, చెరకు తోటలకి మనుషులు కావాలి. తరువాత 1889 దాకా నలభై వేలమందికి పైగా వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళూ ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు అక్కడే కాపురాలు పెట్టారు, పిల్లల్ని కన్నారు, మారెమ్మకి గుడి కట్టారు. కానీ ఆ పిల్లలకి ఓటు లేదు. అక్కడే పుట్టిన హెన్రీ సిదంబరం అనే ఆయన వాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో చేర్చాలని 1904లో పోరాటం మొదలుపెట్టాడు. 1923లో గాని తెగలేదు. పంతొమ్మిదేళ్ళు! మనకి అయిదు నిమిషాలు.

ఓటుంటే అన్నీ చక్కబడతాయని కాదు. మా ఆవిడే ఒకసారి అంది, "ఆంటీ వాళ్ళకి ఓటుంది కదా, మరి వాళ్ళవాళ్ళకి విండ్‌రష్ గొడవ ఎందుకు జరిగింది?" అని. నిజమే. 1973కి ముందు వచ్చిన కామన్‌వెల్త్ వాళ్ళకి ఇక్కడ ఉండే హక్కు ఉంది, దానికి కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. వచ్చినప్పటి ల్యాండింగ్ కార్డులు 2010లో హోమ్ ఆఫీసే నాశనం చేసింది. తరువాత 2014, 2016 చట్టాలు ఉద్యోగానికీ, అద్దెకీ, బ్యాంకుకీ కాగితం చూపించమన్నాయి. పసిపిల్లలుగా వచ్చి ముసలివాళ్ళయినవారు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, కొందరిని దేశం దాటించారు. ఆంటీ చర్చిలో ఒకాయనకి ఇలాగే ఉద్యోగం పోయింది. 2018 ఏప్రిల్‌లో గొడవ బయటపడి ప్రధాని క్షమాపణ చెప్పారు, హోమ్ మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. మా ఆవిడ ప్రశ్న ఆంటీ ముందు పెడితే, "ఓటు లేకపోతే ఆ క్షమాపణ కూడా ఉండేది కాదమ్మా" అన్నారు. అని, లోపలికెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి చూపించారు. 1961 నుంచి ప్రతి జీతం చీటీ, ప్రతి ఉత్తరం అందులో ఉన్నాయి.

మన కాగితాలన్నీ ఇప్పుడు ఆన్‌లైన్. నిబంధనలు మాత్రం వాళ్ళకి మారినట్టే మనకీ మారుతుంటాయి. 2006లో హైలీ స్కిల్డ్ వీసా మీద వచ్చినవారికి స్థిరనివాసానికి నాలుగేళ్ళన్నది, వచ్చాక అయిదేళ్ళు చేశారు. ఆ బాధితులే ఫోరంగా ఏర్పడి కోర్టుకెళ్ళి 2009లో గెలిచారు. నేను 2021లో స్కిల్డ్ వర్కర్ వీసాకి మారాను, ట్రాన్స్‌ఫర్ వీసా ఏళ్ళు లెక్కలోకి రావు. అయిదేళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుండగా 2025 మేలో ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చి, మామూలు గడువు పదేళ్ళు చేస్తామని ప్రతిపాదించింది. ఆ వారం మన గ్రూపుల్లో ఎంత గోల! ఎంపీకి ఏం రాయాలో నమూనా ఉత్తరం కావాలని నన్ను అడిగినవారు చాలామంది. పంపాను. ఆ ఉత్తరం కింద చిరునామా రాయాలి, రాశాక ఎంపీ ఆఫీసువాళ్ళు ఆ చిరునామాని జాబితాలో వెతికితే పేరు కనబడాలి కదా?

2024 జూలై 4 సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఆంటీని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ, మా ఆవిడా, పాపా, నేనూ బూత్‌కి వెళ్ళాం. ఫోటో గుర్తింపు అడిగారు. భారత పాస్‌పోర్టు చూపించాను, అది చెల్లుతుంది. గుమస్తా స్కేలు పెట్టి జాబితాలో నా పేరు మీద గీత గీసి, కాగితం ఇచ్చింది. లోపల దారంతో కట్టిన పెన్సిలు. పెన్సిలుతోనా అని ఆగిపోయాను. పాప మాత్రం బయటికొచ్చాక నా వేలు పట్టుకుని, తాతయ్య ఫోటోలో ఉన్నట్టు సిరా చుక్క ఏదని అడిగింది.

వచ్చే ఆదివారం పదకొండింటి నుంచి మా ఇంట్లో లాప్‌టాప్ తెరిచి కూర్చుంటున్నాం. రెడింగ్ చుట్టుపక్కల ఉన్న మిత్రులు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు తెచ్చుకోండి. భోజనం సంకటి, చేపల పులుసు. సంకటి తిప్పేది ఆంటీ.