ఓడ వచ్చి వెళుతుంది.. ఊరికేం మిగులుతుంది?

* రూ.96 కోట్లతో విశాఖలో విహార నౌకల టెర్మినల్‌
* ప్రయాణికుల ఖర్చులో సింహభాగం ఓడలోనే
* ‘హోం పోర్టు’ అయితేనే జిల్లాకు గిట్టుబాటు

విశాఖపట్నం: విశాఖ నౌకాశ్రయంలోకి 1933 అక్టోబరు 7న ప్రవేశించిన తొలి ఓడ ‘జలదుర్గ’. అది ప్రయాణికుల ఓడ. ఆ తరవాత ఈ రేవు ఇనుప ఖనిజానికి, బొగ్గుకు, ఎరువులకు చిరునామాగా మారింది. ప్రయాణికుల మాట వెనకబడింది. సుమారు తొంభై ఏళ్లకు, 2023 సెప్టెంబరు 4న, విహార యాత్రికుల కోసమే నిర్మించిన అంతర్జాతీయ క్రూజ్‌ టెర్మినల్‌ను కేంద్ర నౌకాయాన శాఖ మంత్రి శర్బానంద సోనోవాల్‌ ప్రారంభించారు. దీనికైన వ్యయం రూ.96.05 కోట్లు. అందులో రూ.38.50 కోట్లు కేంద్ర పర్యాటక శాఖ సమకూర్చగా, మిగిలిన మొత్తాన్ని నౌకాశ్రయం భరించింది.

భవనం సిద్ధమైంది. ఓడలే రావాలి. ‘ది వరల్డ్‌’ అనే విలాస నివాస నౌక ఈ టెర్మినల్‌కు చేరింది 2024 ఏప్రిల్‌లో. ప్రారంభోత్సవానికీ దాని రాకకూ నడుమ ఏడు నెలలు దాటిపోయాయి. విహార నౌకలు వస్తే టాక్సీ డ్రైవరు నుంచి హోటల్‌ యజమాని వరకు అందరి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని జిల్లా ఆశపడుతోంది. ఆ ఆశ ఎంతవరకు నెరవేరుతుందన్నది టెర్మినల్‌ అందచందాల మీద కాక, ఈ వ్యాపారం నడిచే తీరు మీద ఆధారపడి ఉంది.

ఓడే ఊరు.. ఓడే బజారు

ఒకప్పుడు ఓడ ఎక్కడమంటే ఒకచోటి నుంచి మరోచోటికి చేరుకోవడమే. 1958లో జెట్‌ విమానాలు అట్లాంటిక్‌ మహాసముద్రాన్ని దాటడం మొదలయ్యాక ఆ అవసరం తీరిపోయింది. మూలకు చేరాల్సిన ఓడలకు అమెరికాలోని మయామి తీరం కొత్త బతుకునిచ్చింది. 1966లో ‘సన్‌వార్డ్‌’ అనే నౌక అక్కడి నుంచి కరీబియన్‌ దీవులకు విహారయాత్రలు ప్రారంభించింది. 1968లో రాయల్‌ కరీబియన్‌, 1972లో కార్నివాల్‌ సంస్థలు రంగంలోకి దిగాయి. గమ్యానికి బదులు ప్రయాణాన్నే సరకుగా అమ్మడం అప్పటి నుంచే ఊపందుకుంది.

2024 జనవరిలో మయామి నుంచి బయలుదేరిన ‘ఐకాన్‌ ఆఫ్‌ ది సీస్‌’ స్థూల టన్నేజీ 2,48,663. గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు అందులో పడతారు. నీటి ఆటలు, నాటకశాలలు, దుకాణాలు, భోజనశాలలన్నీ లోపలే. ప్రపంచవ్యాప్తంగా 2019లో 2.97 కోట్ల మంది విహార నౌకల్లో ప్రయాణించారు. కొవిడ్‌ దెబ్బకు 2020 మార్చి నుంచి ఈ రంగం స్తంభించినా, 2024 నాటికి ఆ సంఖ్య 3.46 కోట్లకు చేరింది.

ఈ వ్యాపారంలో టికెట్‌ ఆరంభం మాత్రమే. కార్నివాల్‌ సంస్థకు 2024 ఆర్థిక సంవత్సరంలో సుమారు 2,500 కోట్ల డాలర్ల రాబడి వచ్చింది. అందులో మూడో వంతుకు పైగా టికెట్లది కాదు. మద్యం, జూదశాల, దుకాణాలు, ఇంటర్నెట్‌, తీరంలో దిగి తిరిగే యాత్రల వంటి వాటి మీద ప్రయాణికులు పెట్టిన ఖర్చు అది. అంటే ప్రయాణికుడి జేబులోని డబ్బు రేవులో దిగేలోపే ఓడలో ఖర్చు కావాలన్నది సంస్థల లెక్క. కొన్ని సంస్థలు ఒక అడుగు ముందుకేసి సొంత విడిది తీరాలనే ఏర్పాటు చేసుకున్నాయి. బహామాస్‌లో కార్నివాల్‌ 2025 జులైలో తెరిచిన ‘సెలబ్రేషన్‌ కీ’ అలాంటిదే. ఓడ దిగినా ప్రయాణికుడు ఖర్చు పెట్టేది చాలావరకు ఆ సంస్థ ఆవరణలోనే.

పన్నుల విషయంలోనూ ఈ సంస్థల దారి వేరు. ప్రధాన కార్యాలయాలు మయామి పరిసరాల్లో ఉన్నా కార్నివాల్‌ పనామాలో, రాయల్‌ కరీబియన్‌ లైబీరియాలో, నార్వేజియన్‌ మాతృసంస్థ బెర్ముడాలో నమోదయ్యాయి. పన్ను తక్కువగా ఉన్నచోట నమోదు, రద్దీ ఎక్కువగా ఉన్నచోట వ్యాపారం. ఇలాంటి ఆరితేరిన సంస్థలతో బేరానికి కూర్చునే రేవు తన లెక్క తాను ముందే చూసుకోవాలి.

లెక్క వేస్తే..

విహార నౌకలను ఆకర్షించేందుకు కేంద్రం 2020 ఆగస్టులో రేవు రుసుములను భారీగా తగ్గించింది. టన్నేజీపై 0.35 డాలర్లుగా ఉన్న రేటును 0.085 డాలర్లకు దించి, తొలి 12 గంటలకు ఒక్కో ప్రయాణికుడిపై 5 డాలర్లుగా నిర్ణయించింది. ఆ రేట్ల ప్రకారం 50 వేల టన్నేజీ ఉండి, 1,500 మంది ప్రయాణికులతో వచ్చే ఓడ ఒకసారి ఆగితే టన్నేజీపై 4,250, ప్రయాణికులపై 7,500, వెరసి 11,750 డాలర్లు నౌకాశ్రయానికి దక్కుతాయి. డాలరు రూ.85 చొప్పున చూస్తే అది దాదాపు రూ.10 లక్షలు.

టెర్మినల్‌ పెట్టుబడి రూ.96 కోట్లు రాబట్టాలంటే అలాంటి ఓడలు 960 సార్లు రావాలి. వారానికి ఒకటి చొప్పున ఏడాది పొడవునా వచ్చినా 18 ఏళ్లు దాటుతుంది. నిర్వహణ, సిబ్బంది, పూడికతీత ఖర్చులు ఇందులో కలపలేదు. కాబట్టి రుసుముల మీద ఈ టెర్మినల్‌ నిలబడదు. తీరంలో జరిగే వ్యాపారమే దానికి న్యాయం చేకూర్చాలి.

కాలం కలిసి రావాలి

విశాఖకు విహార నౌక రాక కొత్తేమీ కాదు. టెర్మినల్‌ పూర్తికాకముందే, 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్‌’ నౌకను చెన్నై నుంచి విశాఖకు నడిపింది. జూదశాలలపై విమర్శలు రేగిన నేపథ్యంలో ఆ ఏడాది పుదుచ్చేరి ఆ ఓడకు అనుమతి నిరాకరించింది. 2025 జులైలో చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మూడింటినీ కలుపుతూ అదే ఓడ మళ్లీ తిరిగింది.

రెండుసార్లూ ఓడ వానకారులోనే రావడం యాదృచ్ఛికం కాదు. జూన్‌ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల ధాటికి అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ముంబయి, గోవా యాత్రలకు వీలుచిక్కని ఆ కాలంలో ఓడకు తూర్పు తీరం ఆశ్రయమవుతోంది. పడమట సముద్రం శాంతించగానే అక్కడికి మళ్లిపోతుంది. ఇటు బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ మిగిల్చిన విధ్వంసం విశాఖ మరచిపోలేనిది. ప్రశాంతంగా ఉండే డిసెంబరు ద్వితీయార్ధం నుంచి మార్చి వరకు ఓడలను రప్పించగలిగితేనే టెర్మినల్‌కు నిజమైన సీజను.

దేశంలో ఈ రంగం ఇంకా కుదురుకోలేదన్నదీ గమనించాల్సిన విషయం. ముంబయి కేంద్రంగా 2019లో ప్రారంభమైన జలేష్‌ క్రూజెస్‌ 2020 అక్టోబరులో మూతపడింది. దాని ‘కర్ణిక’ నౌక తునకలయ్యేందుకు గుజరాత్‌లోని అలంగ్‌కు చేరింది. కేంద్రం 2024 సెప్టెంబరు 30న ‘క్రూజ్‌ భారత్‌ మిషన్‌’ ప్రారంభించి, 2029 నాటికి ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేస్తామంటోంది. దేశీయ యాత్రలు నడిపే విదేశీ సంస్థలకు పన్ను లెక్కను 2024 బడ్జెట్‌లో సులభతరం చేసింది. ముంబయిలో కొత్త టెర్మినల్‌ 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. పోటీ ఉండేది ఈ రేవులతోనే.

ఆగే రేవా.. బయలుదేరే రేవా

ఓడ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే రేవుకూ, యాత్ర మొదలై ముగిసే ‘హోం పోర్టు’కూ ఎంతో తేడా ఉంది. మొదటిదానిలో ప్రయాణికుడు ఫలహారం ఓడలోనే చేసి, భోజనానికి మళ్లీ ఓడకే చేరతాడు. రెండోదానిలో ఒకరోజు ముందే నగరానికి వస్తాడు. హోటల్లో బస చేస్తాడు. ఓడ సైతం బియ్యం, కూరగాయలు, పాలు, చేపలు, మంచినీరు, ఇంధనం అక్కడే నింపుకొంటుంది. మధురవాడ కూరగాయల వ్యాపారికైనా, రేవులోని రొయ్యల ఎగుమతిదారుకైనా లాభించేది ఈ రెండో పద్ధతే.

ఆగే రేవుగా ఉన్నంతకాలం కాలవ్యవధే శత్రువు. ఎనిమిది, పది గంటల వ్యవధిలో వంద కిలోమీటర్లకు పైగా ఘాట్‌ రోడ్డులో ప్రయాణించి అరకు చూసిరావడం కష్టం. సింహాచలం, తొట్లకొండ, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, కైలాసగిరితో సరిపెట్టుకోవాలి. ఆ యాత్రలను సైతం ఓడలోనే అమ్ముతారు. స్థానిక వాహన యజమానికి చేరేది అందులో కొంతే. అందుకే యాత్రికుడు అరకు వెళ్లలేకపోతే అరకు కాఫీనే టెర్మినల్‌కు రావాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలకు అక్కడే స్థిరమైన దుకాణం ఉండాలి. స్థానిక గైడ్లకు, టాక్సీలకు వాటా ఎంతన్నది ఒప్పందాల్లో రాసి ఉండాలి.

కొలువుల ఆశ.. ఏజెంట్ల వల

ఈ రంగం నుంచి జిల్లాకు దక్కే మరో ఆదాయం ఉద్యోగాలు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా వద్ద కొవిడ్‌తో చిక్కుబడిన ‘డైమండ్‌ ప్రిన్సెస్‌’ నౌకలో 132 మంది భారతీయ సిబ్బంది ఉన్నారన్న వార్తతోనే మనవారు ఎందరు ఈ ఓడలపై బతుకుతున్నారో చాలామందికి తెలిసింది. వంటగది, గదుల శుభ్రత, వడ్డన పనుల్లో నెలల తరబడి ఒప్పందంపై పనిచేసి ఇంటికి డబ్బు పంపేవారు వారు. కొలువు ఇప్పిస్తామంటూ లక్షలు గుంజే ఏజెంట్లు ఈ ఆశనే పెట్టుబడిగా చేసుకుంటున్నారు. భారత్‌ 2015లో ఆమోదించిన అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం నియామకానికి నావికుల నుంచి రుసుము వసూలు చేయకూడదు. నౌకాయాన డైరెక్టర్‌ జనరల్‌ లైసెన్సు ఉన్న సంస్థలే నియామకాలు జరపాలి. హోటల్‌ మేనేజ్‌మెంట్‌ కళాశాలలున్న నగరంలో ఈ మాట ప్రతి విద్యార్థికీ తెలియజెప్పే బాధ్యత యంత్రాంగానిది.

హద్దు ముందే గీయాలి

ఓడలు మరీ ఎక్కువై అల్లాడిన ఊళ్లూ ఉన్నాయి. 2021 ఆగస్టు నుంచి ఇటలీ ప్రభుత్వం 25 వేల టన్నులు మించిన నౌకలను వెనిస్‌ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలోని జునో నగరం 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకే పరిమితి పెట్టుకుంది. నూనె కలిసిన వ్యర్థాలను అక్రమంగా సముద్రంలోకి వదిలిన కేసులో ప్రిన్సెస్‌ క్రూజెస్‌ 2016లో 4 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకొంది. చేపల రేవును పక్కనే పెట్టుకున్న విశాఖకు ఇది చిన్న విషయం కాదు. వ్యర్థాల స్వీకరణ, తనిఖీ నిబంధనలను ఓడలు పెరిగాక కాదు, ఇప్పుడే ఖరారు చేసుకోవడం మేలు.

ఓడ రేవుకు చేరిన రోజున స్వాగత తోరణాలు, డప్పు వాద్యాలు ఉంటాయి. కెమెరాలు మెరుస్తాయి. అధికారులు లెక్కించాల్సింది మాత్రం దిగిన ప్రయాణికులను కాదు. తిరిగి బయలుదేరిన ఓడలో జిల్లా సరకు ఎంత ఎక్కిందో, జిల్లా వారి చేతికి ఎంత సొమ్ము అందిందో ఏటా లెక్కగట్టి ప్రజల ముందుంచాలి. రూ.96 కోట్ల ప్రజాధనానికి అదే అసలైన రసీదు.