కోతల మధ్యలో కౌలు రద్దు

గుంటూరు, పల్నాడు పొలాల్లో మిర్చి వేసిన కౌలు రైతుకు చాలాచోట్ల కాగితం ఉండదు. నోటిమాటే. అయినా తొలి కోత కోసి, రెండో కోతకు కాయ ఎర్రబారుతున్న వేళ ‘పొలం దిగు’ అంటే ఊరు ఊరుకోదు. నలుగురు పెద్దలు కూర్చుంటారు, కారణం అడుగుతారు. కాగితం కూడా కావాలనే 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, కౌలుదారుకు 11 నెలల గడువుతో కార్డు వచ్చింది. ఈ నేల మీద పుట్టిన క్రికెటర్‌కు మాత్రం ఆ పాటి భద్రత కూడా లేదు.

తాడేపల్లిలో ఉంటూ ముప్పై ఏళ్లుగా క్రికెట్ చూస్తున్నాను. ఓటములను మర్చిపోగలిగాను కానీ, సీజన్ నడుమ తీసుకున్న కొన్ని నిర్ణయాలు ఇప్పటికీ మింగుడు పడవు.

వాటిలో మొదటిది హనుమ విహారిది. 2023 రంజీ క్వార్టర్‌ఫైనల్‌లో ఇండోర్‌లో మణికట్టు విరిగితే, కుడిచేతి ఆటగాడు ఎడమచేత్తో బ్యాటు పట్టి ఆంధ్రా కోసం నిలబడ్డాడు. ఆ మరుసటి సీజన్ 2024 జనవరిలో విశాఖలో బెంగాల్‌తో మొదలైంది. ఆ ఒక్క మ్యాచ్‌కే అతను కెప్టెన్. తర్వాత పగ్గాలు రికీ భుయ్ చేతికి వెళ్లాయి. వ్యక్తిగత కారణాలన్న మాటతో సరిపెట్టారు. ఫిబ్రవరిలో మళ్లీ అదే ఇండోర్, మళ్లీ క్వార్టర్‌ఫైనల్. మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడాక విహారి నోరు విప్పాడు. జట్టులోని 17వ ఆటగాడిని తాను మందలించానని, అతని తండ్రి రాజకీయ నాయకుడని, ఆ ఒత్తిడితోనే తనను తప్పుకోమన్నారని రాశాడు. ఆ ఆటగాడు కాదన్నాడు. విహారి మాట తీరు మీదే ఫిర్యాదులున్నాయని ఆంధ్రా క్రికెట్ సంఘం చెప్పింది.

ఎవరి మాట నిజమో తేల్చడం నా పని కాదు. నేనడిగేది ఒక్కటే. ఫిర్యాదులుంటే, విచారణ జరిగి ఉంటే, ఆ సంగతి జనవరిలోనే ఎందుకు చెప్పలేదు? జనవరిలో ఒక కారణం, ఫిబ్రవరిలో మరో కారణం వినిపిస్తే అభిమాని రెంటినీ నమ్మడు. ఆ సీజన్‌లో భుయ్ 902 పరుగులతో దేశంలోనే అందరికన్నా ముందు నిలిచాడు. కెప్టెన్సీ అతనికి దక్కడం తప్పని నేననను. కానీ సంజాయిషీ లేని మార్పు వల్ల అతని గొప్ప సీజన్ కూడా ఆ రచ్చ చాటుకు వెళ్లిపోయింది. అది నాకు మరీ బాధ. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, సంఘం పెద్దలూ మారారు, విహారి తిరిగొచ్చాడు. 2025లో త్రిపురకు వెళ్లిపోయాడు. 2021 సిడ్నీ టెస్టులో 161 బంతులు కాచుకుని మ్యాచ్ నిలబెట్టిన మనిషికి సొంత రాష్ట్రంలో సాఫీగా ఒక ముగింపు దొరకలేదు.

మన పక్క రాజధానిలోనూ ఇలాంటిదే జరిగింది. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ట్రోఫీ తెచ్చినవాడు డేవిడ్ వార్నర్. ఆ జట్టు తరఫున మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ గెలిచాడు. 2021లో ఆరు మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచేసరికి మే 1న కెప్టెన్సీ తీసేశారు, మర్నాడు తుది జట్టులోంచే పక్కన పెట్టారు. కారణం తనకు చెప్పలేదని తర్వాత అతనే అన్నాడు. కొన్ని నెలలకే టీ20 ప్రపంచకప్‌లో 289 పరుగులు చేసి ఆ టోర్నీకే ఉత్తమ ఆటగాడయ్యాడు.

సీజన్ మధ్యలో మార్పే పాపమనడం లేదు. 2013లో ముంబై ఇండియన్స్ కెప్టెన్ రికీ పాంటింగ్ పరుగులు రాక తానే తప్పుకుని రోహిత్ శర్మకు దారి ఇచ్చాడు. జట్టు ఆ ఏడాది తొలిసారి ట్రోఫీ ఎత్తింది. మన గుంటూరువాడు అంబటి రాయుడు ఆ జట్టులో ఉన్నాడు. 2018లో ఢిల్లీ కెప్టెన్సీ వదిలేసిన గౌతమ్ గంభీర్ ఆ సీజన్ డబ్బు కూడా వద్దన్నాడు. రెండు చోట్లా తప్పుకున్నవాడే ముందుకొచ్చి మాట్లాడాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డబ్బు సంగతి ఇంతకంటే ముఖ్యం. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌నే తీసుకోండి. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్‌లో 50 కొట్టినవాడు. చెన్నై సూపర్ కింగ్స్‌లో రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చుని, 2025 ఏప్రిల్ 14న లక్నోలో ఓపెనర్‌గా దిగి 19 బంతుల్లో 27 చేశాడు. కొద్ది మ్యాచ్‌లకే మళ్లీ బయట. నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ ఉంది. అయితే ఆ ఏడాది ఐపీఎల్‌లో అతని వేలం ధర 30 లక్షలు, బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన అది పోలేదు.

అదే రంజీలో అయితే? ఆడిన రోజుకే కూలి. 2021లో పెంచిన రేట్ల ప్రకారం 20 మ్యాచ్‌ల వరకు ఆడినవాడికి తుది జట్టులో ఉంటే రోజుకు 40 వేలు, 40 మ్యాచ్‌లు దాటినవాడికి 60 వేలు. రిజర్వులో ఉంటే సగం. జట్టులోంచే తీసేస్తే సున్నా. లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లంటే 28 రోజులు. కొత్త కుర్రాడికి అన్నీ ఆడితే 11 లక్షల 20 వేలు, రెండో మ్యాచ్ తర్వాత వేటు పడితే 3 లక్షల 20 వేలు. ఏడాదంతా సాధన చేసి, ఉద్యోగం వదులుకుని, ఒక సెలక్టర్ మాటతో ఎనిమిది లక్షలు పోగొట్టుకునేవాడు సీనియర్‌ను గానీ సంఘాన్ని గానీ ప్రశ్నిస్తాడా? ఆస్ట్రేలియాలో రాష్ట్ర జట్ల ఆటగాళ్లకు ఏటా కాంట్రాక్టులు రాసిస్తారు. మన దగ్గర ఆ కాగితం లేకపోవడమే డ్రెస్సింగ్ రూములో భయానికి మూలం.

ఇలాంటి భద్రత కోసం అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్లు యాభై ఏళ్ల కిందటే పోరాడారు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనను అడక్కుండా ఫిలడెల్ఫియాకు బదిలీ చేస్తే కర్ట్ ఫ్లడ్ వెళ్లనన్నాడు. 1970 సీజన్ మొత్తం ఆడలేదు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1972లో ఓడిపోయాడు. అయితే మరుసటి ఏడాదే ఆటగాళ్ల యూనియన్ ఒప్పందంలో కొత్త నిబంధన సాధించింది. పదేళ్ల అనుభవం ఉండి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాణ్ని అతని సమ్మతి లేకుండా బదిలీ చేయకూడదు. అక్కడ జూలై వస్తే జట్లు ఆటగాళ్లను జోరుగా మార్చుకుంటాయి, అయినా హామీ ఉన్న కాంట్రాక్టు ఉంటే జట్టు వదిలేసినవాడికి కూడా ఒప్పుకున్న జీతం అందుతుంది. మార్చే హక్కు యజమానిది, ఆ మార్పు ఖర్చు కూడా యజమానిదే. మన దగ్గర ఆ ఖర్చు ఆటగాడి నెత్తిన పడుతోంది.

అక్కడ యూనియన్ ఉంది. మనకు 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం మాజీలది. ఇప్పుడు ఆడుతున్నవాడి తరఫున భారత క్రికెట్ బోర్డుతో మాట్లాడే సంస్థ లేదు. 2007లో రాయుడు బోర్డు గుర్తించని ఇండియన్ క్రికెట్ లీగ్‌లో చేరి, 2009లో బోర్డు క్షమించేదాకా బయటే ఉండిపోయాడు. ఆనాడు అతని పక్షాన బోర్డు ఎదుట కూర్చునేవాళ్లు లేరు, ఇవాళ రషీద్ పక్షానా లేరు.

దీన్ని చక్కదిద్దాలంటే బోర్డు కోసం కాచుకోనక్కర్లేదు. ఆంధ్రా సంఘమే 20 మందికి ఏడాది కాంట్రాక్టు రాసి తలా 10 లక్షలు కనీస హామీ ఇస్తే అయ్యేది 2 కోట్లు. 2025కు సన్‌రైజర్స్ మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఒక్కడినే అట్టిపెట్టుకోవడానికి ఇచ్చింది 6 కోట్లు. ఆ కాంట్రాక్టులోనే మరో వాక్యం చేర్చాలి: సీజన్ మధ్యలో కెప్టెన్‌ను మార్చినా, గాయం లేని ఆటగాణ్ని జట్టు నుంచి తప్పించినా సెలక్షన్ కమిటీ ఏడు రోజుల్లో లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. వచ్చే రంజీ సీజన్ తొలి బంతి పడకముందే ఆ కాగితాల మీద సంతకాలు కావాలి.