మొక్కలు కొనొద్దు, కొమ్మలు తెద్దాం

మన బడి ముందు పూలమొక్కలు లేవని అందరం అంటున్నాం. డబ్బులొస్తే కడియం నర్సరీల నుంచి తెప్పించుకుందామని కొందరి మాట. నేను ఒప్పుకోను. పోయినేడు కొన్నవి వేసవి సెలవుల్లో చాలావరకు ఎండిపోయాయి. డబ్బులు పోయాయి, నల్ల కవర్లు మిగిలాయి.

పుస్తకంలో శాకీయ ప్రత్యుత్పత్తి అని చదువుతాం, పరీక్షలో రాస్తాం, చేసి మాత్రం చూడం. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు ఆ పేరు వినలేదు గాని మునగ కొమ్మ నరికి పాతుతారు, అడవి ఆముదం కొమ్మలు వరసగా గుచ్చి దడి కడతారు. ఆ విద్య మనదే కదా! అదీ కాక ముద్ద మందారకి మన పెరళ్ళలో గింజ కట్టడం చాలా అరుదు. కొమ్మ పెడితేనే మొక్క. తల్లి చెట్టుకి ఏ రంగు పూస్తే దీనికీ అదే రంగు.

పని కష్టం కాదు. మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా, పెన్సిలంత లావు కొమ్మ చూడాలి. జానెడు ముక్క, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింద కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా కొయ్యాలి. పైన రెండాకులు ఉంచి తక్కినవి తుంచెయ్యాలి, లేకపోతే ఆకులు నీళ్ళు లాగేసి కొమ్మ వాడిపోద్ది. వంటగదిలో పారేసే నూనె ప్యాకెట్లు కడిగి, అడుగున చిల్లులు పెట్టి, సగం ఇసక సగం మట్టి పోస్తే చాలు. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. నీడన పెట్టి తడి ఆరకుండా చూడాలి. అలాగని నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోద్ది.

మనవాళ్ళకి ఓపిక తక్కువ. చిగురు రాగానే వేరొచ్చిందా అని పీకి చూస్తారు. కొమ్మలో దాచుకున్న ఆహారంతో చిగురు ముందే వస్తుంది, వేరు తర్వాత. నెలా నెలన్నర దాకా ముట్టుకోవద్దు.

గన్నేరు కూడా బాగా బతుకుతుంది. కాని ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషం. మూడో తరగతి పిల్లలున్న చోట వద్దని నా అభిప్రాయం.

వానలప్పుడే నాటితే వేసవికి వేరు లోపలికి దిగుతుంది. సెలవుల్లో నీళ్ళ సంగతి మాత్రం సార్లు ఇప్పుడే తేల్చాలి. అమ్మావాళ్ళు చూడ్డానికి వచ్చేటప్పుడు కొమ్మలు తడి గోనెలో చుట్టి తెమ్మనండి. ముద్ద మందార మా ఇంటి నుంచి వస్తుంది. నందివర్ధనం ఎవరింట్లో ఉందో చెప్పండి.