పాత సెట్టు కొనేవారికి ఒక మాట

సికింద్రాబాదులో హామ్ లైసెన్సు కొత్తగా చేతికందిన కుర్రవాడు పాత సెట్టు కొనదలచి సలహా అడిగితే, పెద్దలు తొలుత వల్లించేది సున్నితత్వపు అంకె. ఫలానా సెట్టు పావు మైక్రోవోల్టు సంకేతాన్ని సైతం పట్టుకుంటుందంటారు. 7 మెగాహెర్ట్జ్ మీద ఈ అంకెకు విలువ దాదాపు శూన్యమని నా అభిప్రాయం.

ఆ పౌనఃపున్యంలో దూరపు ఉరుముల గరగర ఎప్పుడూ ఉండేదే. దానికి నేటి అపార్టుమెంట్లలోని ఇన్వర్టర్లు, ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు తోడయ్యాయి. రిసీవరు తన లోపల పుట్టించుకునే రొద వీటి ముందు ఏపాటిది? ఏంటెనా తీగ ఊడదీసి మళ్ళీ తగిలించి చూడండి. రొద స్పష్టంగా పెరిగితే సున్నితత్వం చాలినట్లే. 1970ల నాటి కెన్‌వుడ్ టీఎస్-520 గాని, యేసూ ఎఫ్‌టీ-101 గాని, ఆరోగ్యంగా ఉంటే ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి.

చూడవలసింది వేరే ఉంది: పక్కనే ఒక బలశాలి గర్జిస్తుండగా బలహీనుని గొంతు వినబడుతుందా? డ్రేక్ ఆర్-4సి సంగతే తీసుకోండి. పేరుమోసిన రిసీవరు. అడ్డుసంకేతం దూరంగా ఉన్నంతసేపూ దిట్టమైనదే. అమెరికాలో రాబ్ షెర్వుడ్ 1970లలో ఆ సంకేతాన్ని 2 కిలోహెర్ట్జ్ దగ్గరకు జరిపి కొలిస్తే, దాని డైనమిక్ రేంజ్ 60 డెసిబెళ్ళకు దిగువన తేలింది. మొదటి ఫిల్టరు వెడల్పు 8 కిలోహెర్ట్జ్ కావడమే కారణం. శత్రువు గుమ్మం దాటి లోపలికి వచ్చేశాడన్నమాట. 1980లలో అనేక సెట్లు మొదటి ఐఎఫ్‌ను 70 మెగాహెర్ట్జ్ దరికి ఎక్కించి, అక్కడ 15 కిలోహెర్ట్జ్ వెడల్పు ఫిల్టరు పెట్టి, గుమ్మాన్ని ఇంకా వెడల్పు చేశాయి. కనుక "ఇది కాస్త కొత్తది, మేలైనది" అనే బేరగాని మాట నమ్మకండి.

మన హైదరాబాదువాడే అయిన అషర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్‌లో ఒకటే ఐఎఫ్, దానికొక సన్నని క్రిస్టల్ ఫిల్టరు. విడిభాగాలు బజారులో దొరికేవే. వేల రూపాయలు పోసి అలసిన సెట్టు కొనేకన్నా, చేతులు కాల్చుకునైనా దాన్ని కట్టుకోవడం మేలని నా పక్షపాతం. (ఏజీసీ లేని తొలి బిట్‌ఎక్స్‌లు చెవులను చెండాడే మాట నిజమే!)

ఇదంతా పోటీల సరదా మాత్రమే కాదు. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్ నుంచి మాట్లాడుతుంటే, ప్రపంచమంతా ఒకేసారి ఆ పౌనఃపున్యం మీద ఎగబడింది. అదే నెల 26న సునామీ వచ్చింది. అటువంటి గుంపులో ఒక్క సన్నని గొంతును విడదీయడమే రిసీవరు పని. అక్కడ పావు మైక్రోవోల్టు గొప్పలు అక్కరకు రావు.

అయినా పాతదే కావాలంటే, డబ్బు లెక్కపెట్టేముందు మూత తీయించండి. ఉబ్బిన కెపాసిటర్లు, మసిబారిన రిలేలు, గతంలో ఎవరో ఊడబెరికిన ఫిల్టర్లు ఉన్నాయేమో చూడండి. సాయంత్రం వేళ 7 మెగాహెర్ట్జ్ కిక్కిరిసి ఉన్నప్పుడే విని చూడండి. మధ్యాహ్నం నిశ్శబ్దంలో మాత్రమే వినిపిస్తానన్న అమ్మకందారుకు దణ్ణం పెట్టి వచ్చేయండి.