మంచు తెల్లగా ఉండరాదు

చిన్న ట్యాంకు నమూనా చుట్టూ శీతకాలపు రణరంగాన్ని నిర్మించడం పిల్లల ఆట అనువారితో మేము ఏకీభవించలేము. 1941 డిసెంబరులో మాస్కో ముంగిట పోరాడిన సోవియట్ టి-34 ట్యాంకునే తీసుకొందాం. ముప్పైఅయిదో వంతు ప్రమాణంలో అది జానెడైనా ఉండదు. అడుగు మందపు మంచు అందులో సెంటీమీటరు కూడా కాదు. ఈ లెక్క తప్పితే తక్కిన శ్రమ వ్యర్థం. వంటసోడాతో మంచు పరచేవారున్నారు, కొన్నేళ్లకది పసుపుబారుతుంది. సన్నని గాజుపూసల పొడి మేలు, ముక్కుకు గుడ్డ కట్టుకొన్నంతవరకు.

మా ఫిర్యాదు వేరు. చాలామంది మంచును పాలవలె తెల్లగా పరచి, రణరంగాన్ని పండుగ చిత్రంగా మారుస్తున్నారు. ట్యాంకు పట్టాలు నడిచిన నేల అట్లుండదు. మట్టి, మసి, చమురుమరకలు అందులో కలుస్తాయి. ఆకుపచ్చ రంగుపై పూసిన తెల్లసున్నం సైనికులు ఎక్కిదిగే చోట రాలిపోతుంది. ఆ చలిలో జర్మను సేనకు చాలినన్ని ఉన్నిదుస్తులు అందలేదు, యంత్రాల నూనె గడ్డకట్టింది. చేతులు చంకలలో దాచుకొన్న ఒక్క సైనికుడైనా లేని నమూనాకు ప్రదర్శనలో బహుమతి ఇవ్వరాదని మా అభిప్రాయం. అతని అడుగుజాడలు పట్టాల గాడిపై పడాలా, గాడికింద అణగాలా అన్నది ముందుగానే నిర్ణయించుకోవాలి. జిగురు ఆరిన పిదప మార్చుట సాధ్యపడదు.