రైతును పికప్పు బండియు

మాఘమాసము వచ్చినది మొదలు గుంటూరు మిరప యార్డునకు పోవు త్రోవలన్నియు నెఱ్ఱబడును. సత్తెనపల్లి, నరసరావుపేట వైపులనుండియు, పరుచూరు, ఇంకొల్లు రేగడి చేలనుండియు టిక్కీలు కట్టించుకొని తెల్లవారకముందే బండ్లు బయలుదేరును. ఎడ్లబండి యీ వరుసలోనుండి తప్పుకొని చిరకాలమైనది. 2005 లో టాటావారి ‘ఏస్’ వచ్చినది మొదలు చిన్న సరకు బండ్లు ఊరూర వెలసినవి. ఇప్పుడా చిన్న బండితో తృప్తి చెందక, రెండు టన్నులు మోయు పికప్పును కొనవలయునను కోర్కె మన రైతులలో ప్రబలుచున్నది. కోర్కె తప్పు కాదు. కొను విధానమే చింతింపదగినదిగా నున్నది.

మొన్న పరుచూరు ప్రాంతపు రైతొకడు మూడు రంగుల కరపత్రములు చేతబట్టుకొని నా యింటికి వచ్చెను. “ప్లీడరుగారూ, పై రకము తీసికొందునా, క్రింది రకము తీసికొందునా?” యని యడిగెను. తెర యెంత పెద్దదో, ముందువైపు తళతళలాడు జాలి యే రకమునకు వచ్చునో యతనికి కంఠపాఠము. తొట్టి పొడవెంతయని నేనడుగగా తెల్లబోయెను. బండి సంగతి వకీలు నడుగుట యేమని చదువరులు నవ్వవచ్చును. కాని యీ బండ్ల కథలు పెక్కులు తుదకు కోర్టు మెట్లెక్కుచుండుటచే, మొదటనే యడుగుట మేలని నాకు తోచినది.

ముందుగా మోత సంగతి. మహీంద్రావారు 2023 ఏప్రిలులో ప్రకటించిన బొలెరో మాక్స్ వరుసలో 1.3 టన్నులు మొదలు 2 టన్నులవఱకు మోయు రకములు గలవు. తొట్టి పొడవు 3,050 మిల్లీమీటర్లవఱకు, అనగా పదియడుగులు. టాటావారి యోధలో 1,200, 1,500, 1,700 కిలోలవియు, 2022 లో వచ్చిన 2,000 కిలోలదియు గలవు. ఈ యంకెలను చూచి రైతు పెద్ద యంకెకే మ్రొగ్గును. అయితే ప్రత్తి బరువు సరకు కాదు, జాగా సరకు. విడి ప్రత్తిని ఎంత త్రొక్కి నింపినను తూకమునకు ముందే తొట్టి నిండును. మిరపయు నంతియే. టిక్కీ 40 కిలోల చొప్పున రెండు టన్నులకు 50 టిక్కీలు కావలయును. వానిని పదియడుగుల తొట్టిలో పేర్చినచో దొంతి మనిషి యెత్తు దాటును. కావున యార్డునకు పోవునపుడు కావలసినది తొట్టి పొడవు.

తిరుగు ప్రయాణమున కథ తలక్రిందగును. రైతు వట్టి బండితో రాడు, ఎరువు వేసికొని వచ్చును. 45 కిలోల యూరియా బస్తాలు 44 వేయగనే రెండు టన్నులు నిండినవి. కాని యవి తొట్టిలో మోకాటి యెత్తైన లేవవు. కన్ను మోసపోవుట ఇక్కడనే. ‘ఇంత జాగా యున్నదిగదా’ యని మఱి యిరువది బస్తాలు వేయుదురు. కమాను కట్టలు వంగును, బ్రేకులు మాట వినవు. మోటారు వాహనముల చట్టమునకు 2019 లో జరిగిన సవరణము ననుసరించి అధిక భారమునకు 20,000 రూపాయలును, ఆపైన టన్నొక్కింటికి 2,000 రూపాయలును జరిమానా. ఎక్కువైన సరకును దింపినగాని బండి కదలరాదు. ఎత్తు హద్దు మీఱి పేర్చినను జరిమానా 20,000 రూపాయలే. అనగా పోవునపుడు ఎత్తుచేతను, వచ్చునపుడు బరువుచేతను చట్టమునకు చిక్కు బండిని మన రైతు నడుపుచున్నాడు.

చట్టమున మఱియొక గీత గలదు. దీనిని బండ్లమ్మువారు చెప్పగా నేను వినలేదు. సరకుతో కలిపి మొత్తపు బరువు 3,000 కిలోలకు మించని సరకు బండికి 66 వ సెక్షను క్రింద పర్మిటు అక్కఱలేదు. రెండు టన్నులు మోయు బండి తన సొంత బరువుతో కలిసి యీ గీత దాటక తప్పదు. ఏడాదిలో మూడు నెలలు మాత్రమే పని గల రైతు చిన్న రకమును కొని పర్మిటు బాధ తప్పించుకొనుట తెలివియా, పెద్ద రకమును కొని బాడుగలకు త్రిప్పుట తెలివియా యనునది అతని పొలము విస్తీర్ణమును బట్టి యుండును. పదియెకరముల లోపు వాడైనచో చిన్నదే చాలునని నా యభిప్రాయము. లైసెన్సు విషయమున మాత్రము భయములేదు. తేలిక వాహనపు లైసెన్సు గలవాడు 7,500 కిలోలలోపు సరకు బండిని నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6 న తేల్చినది.

ఇక రకముల తారతమ్యము. అమెరికాలో నున్న మన గుంటూరు బిడ్డలు ఫోర్డు ‘సూపర్ డ్యూటీ’ బండ్లలో ఎక్స్.ఎల్. మొదలు లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినంవఱకు మెట్లు లెక్కించి వాదులాడుకొందురట. ఆ బండి ఒట్టి బరువే మన పికప్పు నిండు బరువునకు ఇంచుమించు సమానము! అక్కడ మెట్టు మాఱిన తోలు మాఱును, దర్జా మాఱును. మన యెల్.ఎక్స్., వి.ఎక్స్.ఐ. లలోను ఇంజనొక్కటే, చక్రములొక్కటే, మోత యొక్కటే. మాఱునవి ఆసనము, దీపములు, ఫోనుతో బండిని కలుపు ఏర్పాటు మొదలగునవి. ఫోను ఏర్పాటు డ్రైవరును నమ్మని యజమానికి పనికివచ్చును. తానే నడుపుకొను రైతునకెందుకు? ఎత్తు సవరించుకొను ఆసనము మాత్రము నిజముగా పనికివచ్చునది. ఏసీయు నట్టిదే. 2025 అక్టోబరు నుండి తయారగు 3.5 టన్నులకు పైబడిన సరకు బండ్ల క్యాబినులలో ఏసీ తప్పనిసరియైనది. అంతకు లోబడిన పికప్పులలో నది యింకను కొనువాని యిష్టము. రెంటచింతల యెండ నెఱిగినవాడెవ్వడును దానిని విలాసమని యనడు. యార్డు వాకిట గంటలకొలది వరుసలో నిలుచువాడు డ్రైవరు. జాలి తళుకునకు వేలు పోసి, ఏసీ కడ పిసినారితనము చూపుట నాకు వింతగా నుండును.

నాలుగు చక్రములకును బలమందించు రకము నడుగువారు కలరు. వాన కురిసిన రేగడి ఎట్టిదో నేనెఱుగుదును. అయినను ఊరిలో ట్రాక్టరున్నంతకాలము దానికై అదనపు ధర పెట్టనక్కఱలేదు; మిరపకోత జరుగునది పొడి నెలలలో.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్నను ఆ రైతు అడుగలేదు, కరపత్రమును చెప్పదు. ఆ తొట్టిలో నెవరెక్కుదురు? మిరపను చేతులతోనే కోయవలయును. కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములకు కుటుంబములే గంటె, చాప పట్టుకొని వచ్చుచున్నవి. తెల్లవారుజామున ముప్పదిమంది ఆడువారు తొట్టిలో నిలిచి, ఒకరి భుజమొకరు పట్టుకొని పోవుటను మనమందఱము చూచుచున్నాము, చూచి ఊరకున్నాము. తన పని లేని దినములలో అన్యుల చేలకు తలకింతయని కూలీలను చేరవేసిన యొక బండి యజమాని వ్యవహారము నా చేతికి వచ్చినది. బండి కాలువగట్టున బోర్లపడెను. బీమా కంపెనీ తన పూచీ లేదనెను. అది చట్టప్రకారము సరియైన మాటయే. సరకు బండిలో సరకు స్వంతదారునకో, అతని ప్రతినిధికో 1994 సవరణము రక్షణ కల్పించినది గాని, ఊరక యెక్కినవారికిగాని, బాడుగ కెక్కినవారికిగాని బీమా వర్తింపదని 2002 లో ఆశారాణి కేసున సుప్రీంకోర్టు నిర్ణయించినది. పరిహారము యజమాని నెత్తిన పడినది. అతనికున్నది ఎకరమున్నర. చనిపోయిన యామె పిల్లలకు రావలసిన సొమ్ము ఆ యెకరమున్నర అమ్మినను రాదు. వాది వైపును ప్రతివాది వైపును పేదవారే నిలిచియున్న ఆ దినమును నేను మఱవలేకున్నాను.

దీనికి రెండు వరుసల క్యాబిను గల పికప్పు విరుగుడని కొందఱందురు. బొలెరో క్యాంపరులో అయిదుగురు సుఖముగా కూర్చుండవచ్చును. కాని తొట్టి ఆ మేరకు కుఱుచయగును. ముప్పదిమంది సమస్య అట్లేయుండును. రైతులు కలిసి కోతల కాలమునకు ప్రయాణికుల బండి నొకదానిని బాడుగకు మాట్లాడుకొనవలయును. ఆర్టీసీవారు ఫిబ్రవరి, మార్చి నెలలలో తెల్లవారుజామున కోతల గ్రామములకు బస్సులు నడుపవలయును. పట్టణమున పఠనమందిరములలో కూర్చుండి యిది చదువు కమిషను వ్యాపారులు తమకు సరకు తెచ్చు రైతునకు ఈ బీమా సంగతి ఒక్క మాటగా చెప్పవలయును. అమ్మకపు దుకాణముల ధరల పట్టికలలో ‘తొట్టిలో మనుష్యులకు బీమా లేదు’ అను పంక్తి తెలుగున అచ్చువేయుట కేమి ఖర్చగును?

అప్పు సంగతి కొంచెము. 2025 సెప్టెంబరు 22 నుండి సరకు బండ్లపై జి.యస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. ఆ మిగులును పై రకమునకు వెచ్చింపక తొలి చెల్లింపున కలుపుట మంచిది. వడ్డీ తఱుగు బాకీపై వేయుదురో, తొలి మొత్తముపై వేయుదురో అడిగి వ్రాయించుకొనవలయును. స్వయముగా నడుపుకొని బ్రతుకుటకు కొన్నవాడు 2019 వినియోగదారుల చట్టమున వినియోగదారుడే. లోపమున్న బండిని గూర్చి అతడు వినియోగదారుల కమిషను నాశ్రయింపవచ్చును. కావున రసీదులను పారవేయరాదు.

ఇదంతయు విని ఆ రైతు కరపత్రములు మడిచి సంచిలో పెట్టుకొనెను. పై రకమా, క్రింది రకమా యని మరల నడుగలేదు. దుకాణమునకు పోవునపుడు ఇంటనున్న ములుకోలతో తొట్టిని తానే కొలిచి చూచెదననియు, కూలీల సంగతి ఊరివారితో మాటలాడెదననియు చెప్పి వెడలిపోయెను.