ఎమ్మే ఇంగ్లిషా? ముందు ఒక నాటకం చదువు

ఈ నెలలో ఇన్‌బాక్స్‌కి వచ్చిన ప్రశ్నల్లో సగం ఒకటే. "అక్కా, డిగ్రీ అయిపోతోంది, ఎమ్మే ఇంగ్లిష్‌కి ఎలా ప్రిపేర్ అవ్వాలి?" వాటిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక మెసేజ్ మాత్రం వదల్లేకపోయాను. "టెన్త్ దాకా తెలుగు మీడియమే అక్కా. కథలు, నవలలు బాగా చదువుతా. కానీ క్లాసులో ఇంగ్లిష్‌లో మాట్లాడమంటే గొంతు పట్టేస్తది. మా నాయిన బీఈడీ చెయ్యమంటుండు. నాకసలు ఈ సబ్జెక్టు తీసుకునే అర్హత ఉందా?"

ఈ వారం నీకే రాస్తున్నా చెల్లీ. మిగతావాళ్లు పక్కన కూర్చుని వినండి.

మొదట ఒక భ్రమ వదిలించుకో. ఎమ్మే ఇంగ్లిష్ అంటే రెండేళ్ల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాదు. ఒక పేరా తీసుకుని, ఈ మాటే ఎందుకు వాడాడు, ఇంకో మాట ఎందుకు వాడలేదు అని గంటసేపు కొట్టుకునే చదువు అది. గడగడా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అక్కడ తెల్లమొహం వేయడం నేను చూశాను. తెలుగులో నవలలు నమిలేసిన పిల్ల నోరు తెరిస్తే క్లాసంతా తిరిగి చూడటం కూడా చూశాను. మాట్లాడటం ఆర్నెల్లలో వస్తుంది. చదివే అలవాటు అంత తొందరగా రాదు, అది నీకు ఉంది.

'ఇది మనది కాదు' అనే బెరుకు ఉందనుకో, ఒక విషయం విను. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యానికి విడిగా ఒక విభాగం ఏర్పడింది 1894లో. కేంబ్రిడ్జ్‌లో దానికంటూ డిగ్రీ పరీక్ష వచ్చింది 1917లో. మన దేశంలోనో? 1835లో మెకాలే మినిట్ వచ్చేసరికే ఇక్కడి కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం పాఠంగా నడుస్తోంది. గౌరీ విశ్వనాథన్ 1989లో రాసిన 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' మొత్తం ఈ కథే. పాలించడం కోసం తెచ్చిన సబ్జెక్టు, నిజమే. కానీ వాళ్లకంటే ముందు నుంచి మనం చదువుతున్న సబ్జెక్టు.

తెలుగు వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు. అదే నీ పెట్టుబడి. హైదరాబాద్‌లో ఇప్పుడు ఇఫ్లూ అంటున్న చోట ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన సూసీ తారు, కె. లలితతో కలిసి 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' తెచ్చారు. మొదటి సంపుటం 1991లో వచ్చింది. దాని ముందుమాటలో ముద్దుపళని కథ ఉంటుంది. ఆమె 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ మళ్లీ అచ్చు వేయించడం, ప్రభుత్వం దాన్ని నిషేధించడం, అంతా అందులో ఉంది. ఒక తెలుగు కావ్యం గురించి ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లలో దేశదేశాల్లో చర్చ జరిగింది. ఆ కావ్యాన్ని మూలంలో చదవగలిగేది ఎవరు? నువ్వు. రేపు పీహెచ్‌డీకి టాపిక్ దొరక్క తల పట్టుకునే రోజున ఇది గుర్తొస్తుంది.

ఇక ప్రిపరేషన్. బిట్ బ్యాంకులతో మొదలుపెట్టకు. రచయిత పేరు, పుస్తకం పేరు, సంవత్సరం బట్టీ కొట్టి సీటు తెచ్చుకున్నవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడతారు. ముందు 'మాక్‌బెత్' చదువు. షేక్‌స్పియర్ విషాద నాటకాల్లో అన్నిటికంటే చిన్నది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితం, ఫోన్‌లోనే చదవొచ్చు. పాత ఇంగ్లిష్ మాటలు అడ్డం పడతాయి, పడనీ. ఒక్కో సీన్ అయ్యాక, ఏం జరిగిందో నీ మాటల్లో మూడు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాసుకో. మొత్తం అయ్యాక విశాల్ భరద్వాజ్ 'మక్బూల్' చూడు. ముందే చూశావో, చదవవు. నాకు తెలుసు.

దాంతోపాటు ఎం.హెచ్. ఏబ్రమ్స్ సాహిత్య పదాల గ్లాసరీ పక్కన పెట్టుకో, రోజుకు రెండు పదాలు చాలు. థియరీ అంటే భయమేస్తే పీటర్ బారీ 'బిగినింగ్ థియరీ' ఉంది, మనిషి భాషలో రాశాడాయన.

అప్లికేషన్ల దగ్గర జాగ్రత్త. రాష్ట్ర యూనివర్సిటీలకైతే తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్. హెచ్‌సీయూ లాంటి సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ. 2024 నుంచి అది మార్చిలో జరుగుతోంది, అంటే ఫారాలు చలికాలంలోనే నింపాలి. 75 ప్రశ్నలు, కరెక్టయితే 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. చీకట్లో రాళ్లు వేయకు. అసలు మోసం తర్వాత ఉంది. స్కోరు రాగానే సీటు దానంతటదే రాదు. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మళ్లీ విడిగా అప్లై చేయాలి. ఈ రెండో ఫారం సంగతి తెలియక మంచి స్కోరు చేతిలో పట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ప్రతి ఏడాదీ నాకు మెసేజ్ పెడతారు. ఎంత బాధేస్తుందో!

అమెరికా అని అడిగినవాళ్లకి ఒక్క ముక్క. సాహిత్యానికి ఉన్న జీఆర్‌ఈ సబ్జెక్ట్ టెస్ట్ 2021తో ఆగిపోయింది, దాని గైడ్లు కొనకండి. అక్కడ మీ తరఫున మాట్లాడేవి మీరు రాసిన వ్యాసం, ఎస్‌ఓపీ. 'చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే ప్రాణం' అని మొదలుపెడితే చదివేవాళ్లు ఆవలిస్తారు. మిమ్మల్ని నిద్ర పోనివ్వని ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ నాయిన మాట. ఆయన్ని విలన్‌ని చేయకు, ఆయన అడిగేది న్యాయమైన ప్రశ్న. ఎమ్మేలో 55 శాతం తెచ్చుకుంటే, రిజర్వేషన్ ఉంటే 50 శాతం, నెట్ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. వినడానికి బాగుంటుంది, వచ్చేది కొద్దిమందికే. నెట్ పాసై కూడా గంటల లెక్కన గెస్ట్ లెక్చరర్‌గా తిరిగేవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. అందుకే ఆయనతో 'బీఈడీ వద్దు' అనకు, 'ఎమ్మే తర్వాత బీఈడీ' అను. రెండూ ఉంటే గురుకులాల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ పోస్టులకు దారి ఉంటుంది. బీఈడీ ఒక్కటే ఉంటే ఆ దారి లేదు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు.

ఇంట్లో రెండేళ్లు ఆగే పరిస్థితే లేదా? అప్పుడు ముందు బీఈడీ చేసి ఉద్యోగం చూసుకో. ఎమ్మే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో చదువుకోవచ్చు. నన్నడిగితే క్యాంపస్‌లో చదవడమే మేలంటాను, ఎందుకంటే వాదించడానికి మనుషులు కావాలి. కానీ మీ ఇంటి ఖర్చులు నేను కట్టడం లేదు కదా.

ఈలోపు ఒక పని చెయ్. 'మాక్‌బెత్' మొదటి అంకం చదివి, ఆ మంత్రగత్తెలు అతని మనసులో కొత్తగా ఆశ పుట్టించారా, ముందే ఉన్నదాన్ని బయటికి లాగారా, పది లైన్లు ఇంగ్లిష్‌లో రాసి నాకు పంపు. గ్రామర్ తప్పులుంటే ఉండనీ. చదివి జవాబిస్తాను.